ఫిజియోథెరపీ: పిల్లలూ తల్లులూ నాకు నేర్పిన పాఠం



మన సొసైటీ వార్షిక సంచికలో చదువు గురించి రాయమని పెద్దలు అడుగుతుంటారు. స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పై చదువుల గురించి ఇంతకు ముందు రాశాను. ఈసారి బడి గడప దాటడానికే కష్టపడే పిల్లల గురించి రాస్తున్నాను. అందుకు కారణం నేను చేసిన ఒక తప్పు. ముందు అది చెప్పాలి.

2014 జూన్. బడులు తెరిచిన కొత్తలో ఒక తల్లి ఆరేళ్ల కొడుకును చంకనెత్తుకుని మా స్కూలుకు వచ్చింది. పిల్లాడి కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీదొకటి పడుతున్నాయి. మాట కొంచెం నత్తిగా ఉంది గానీ కళ్లలో తెలివి కనిపిస్తోంది. గోడ మీది ఉర్దూ అక్షరాలు చూసి నాలుగైదు చదివాడు కూడా. నేను మర్యాదగానే అన్నాను: “కొంచెం నడక రానివ్వమ్మా, అప్పుడు చేర్చుకుందాం.” ఆమె ఏమీ అనలేదు. సలాం చెప్పి వెళ్లిపోయింది.

బి.ఎడ్.లో ప్రత్యేక అవసరాలు గల పిల్లల గురించి ఒక పాఠం చదివాను. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఏ పిల్లాడినీ అలా తిప్పి పంపే అధికారం నాకు లేదు. అవన్నీ తెలిసీ పంపేశాను.

మూడేళ్ల తర్వాత బడి బయటి పిల్లల సర్వేకు వెళ్తే, ఒక ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు ఆ అబ్బాయే. మోకాళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. ఎంత లాగినా తిన్నగా సాగడం లేదు. ఆరేళ్లప్పుడు పట్టుకుంటే నిలబడగలిగిన పిల్లాడు తొమ్మిదేళ్లకు నిలబడలేకపోతున్నాడు. ఆ మూడేళ్లు వాడికి ఎవరూ ఫిజియోథెరపీ చేయించలేదు. బడిలో చేరి ఉంటే నెలకొకసారైనా ఆ విషయం తెలిసినవాళ్ల కంట పడేవాడు.

అప్పటి నుంచి ఈ విషయం మీద శ్రద్ధ పెట్టాను. మా స్కూలు పిల్లలు, పక్క బస్తీల పిల్లలు కలిపి ఏడు కుటుంబాలతో పలుమార్లు కూర్చుని మాట్లాడాను. ఇది పెద్ద పరిశోధనేమీ కాదు. వాళ్లు చెప్పింది విని రాసుకున్నాను, అంతే. వాళ్లు ఒప్పుకున్న మేరకే ఇక్కడ చెబుతున్నాను. పేర్లు, బస్తీలు రాయడం లేదు.

పోలియో పోయింది, మరి ఈ పిల్లలెవరు?

మన నిజామాబాద్ ప్రాంతంలో నడవలేని పిల్లవాడు కనిపిస్తే ఇప్పటికీ “పోలియో వచ్చిందట” అంటారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఇప్పుడు మనం చూస్తున్న పిల్లల్లో చాలామందికి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. డాక్టర్లు, తల్లులు క్లుప్తంగా సి.పి. అంటారు. తెలుగులో మస్తిష్క పక్షవాతం అని రాస్తారు.

కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల ఇది వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, కామెర్లు బాగా ముదరడం వంటివి కొన్ని కారణాలు. వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. ఇది అంటువ్యాధి కాదు. నజర్ వల్ల వచ్చేది కాదు. తల్లి చేసిన తప్పు అసలే కాదు.

దాతలు గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. కానీ పిల్లవాడు పెరుగుతాడు. ఎముక పొడుగవుతుంది, బిగుసుకున్న కండరం దానితో సమానంగా సాగదు. దాంతో మడమ పైకి లేస్తుంది, మోకాలు ముడుచుకుంటుంది, తుంటి పక్కకు జరుగుతుంది. మూడేళ్లలో మా అబ్బాయికి జరిగింది ఇదే. ఫిజియోథెరపీ మెదడు దెబ్బను మాన్పలేదు. అయితే ఈ రెండో నష్టాన్ని చాలావరకు ఆపగలదు. ఉన్న శక్తిని పనికొచ్చే కదలికగా మార్చగలదు.

పిల్లల కదలిక సామర్థ్యాన్ని అయిదు స్థాయులుగా చెప్పే కొలమానం ఒకటి 1997లో కెనడాలో తయారైంది. మొదటి స్థాయి పిల్లలు నడుస్తారు, మెట్లెక్కుతారు. అయిదో స్థాయి పిల్లలకు తల నిలపడానికి కూడా ఆసరా కావాలి. మంచి ఫిజియోథెరపిస్టు మొదట బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడో చూసి, ఏది సాధ్యమో తల్లిదండ్రులకు నిజం చెబుతారు. కదలికల్లో వచ్చే ప్రగతిలో ఎక్కువ భాగం మొదటి అయిదేళ్లలోనే వస్తుంది. అందుకే తొందరగా గుర్తించడం అవసరం. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడుతున్నా, పద్దెనిమిది నెలలకు నడక రాకపోయినా “మగపిల్లలకు ఆలస్యమే” అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి.

మర్దనాకూ ఫిజియోథెరపీకీ తేడా

ఏడు ఇళ్లలోనూ మొదట జరిగింది నూనె మర్దనా. బిడ్డకు హాయిగా ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ మర్దనాతో కూర్చోవడం రాదు, నిలబడడం రాదు. ఫిజియోథెరపీ ఒక విద్య. దానికి డిగ్రీ ఉంది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ వృత్తికి జాతీయ స్థాయిలో కమిషన్ కూడా వచ్చింది. అందులోనూ పిల్లలకు చేసేది ప్రత్యేకమైన పని. పెద్దవాళ్ల మెడనొప్పికి, నడుం నొప్పికి చేసేవారందరికీ అది అలవాటు ఉండదు. ఉదాహరణకు డూషెన్ అనే కండరాల క్షీణత జబ్బు ఉన్న మగపిల్లలకు బరువైన వ్యాయామం చేయిస్తే మేలు బదులు కీడు జరుగుతుంది. పుట్టుకతో పాదం లోపలికి వంకర తిరిగిన పసివాళ్లకు పోన్సెటి పద్ధతిలో వారం వారం పట్టీలు మార్చి, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిపూట ప్రత్యేక బూట్లు వేయాలి. బూట్లు మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. ఏ బిడ్డకు ఏది అవసరమో తెలిసినవారే చెప్పాలి.

తల్లులు చెప్పినవి

“ఆపా, పోయిన ప్రతిచోటా ఒక్కటే అడిగేదాన్ని, మావోడు ఎప్పుడు నడుస్తడు అని. ఎవరూ జవాబు చెప్పకపోయేది. గోలీలు రాసిచ్చి పంపేది.” ఇది ఒక తల్లి మాట. జిల్లా కేంద్రంలోని ఒక ఆస్పత్రిలో ఆమెతో “వీడితో ఏం లాభం లేదు, ఇంకో బిడ్డను కనుక్కో” అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె బీడీ చుట్టడం ఆపలేదు, తల ఎత్తలేదు.

తర్వాత ఆమెకు పిల్లల ఫిజియోథెరపిస్టు దొరికారు. మొదటి రోజు ఆయన బిడ్డను పరీక్షించడానికి గంట తీసుకున్నారు. సొంతంగా నడవడం కష్టమని, కుర్చీలో తిన్నగా కూర్చోవడం, ఆసరాతో నిలబడడం, తన చేత్తో తాను తినడం సాధ్యమని చెప్పారు. “ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చిన. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది ఆపా. ఏం చెయ్యాల్నో తెలిసింది గదా” అంది. తెలియకపోవడం కన్నా తెలిసిన నిజం మేలని ఏడుగురిలో అయిదుగురు నాతో ఏదో ఒక రూపంలో అన్నారు.

వాళ్లు చెప్పిన కష్టాలు ఇవి. బస్సు ఎక్కాలి. పదేళ్ల పిల్లాణ్ని ఎత్తుకుని ఎక్కాలి. తల్లుల్లో ముగ్గురికి నడుం నొప్పి ఉంది. థెరపీ అరగంట, ప్రయాణం నాలుగు గంటలు. ఆ రోజు బీడీలు చేయడం కుదరదు, కార్ఖానాలో కట్టలు అప్పజెప్పడం కుదరదు, ఆ రోజు కూలి పోతుంది. మిగతా పిల్లలను పక్కింటి ఖాలా దగ్గర వదలాలి. వారానికి రెండుసార్లు రమ్మంటే ఒకసారి వెళ్తారు, తర్వాత నెలకొకసారి, తర్వాత మానేస్తారు. అప్పుడు అందరూ “తల్లికి శ్రద్ధ లేదు” అంటారు. నేనూ అనుకునేదాన్ని.

తండ్రుల సంగతీ చెప్పాలి. ఏడుగురిలో ముగ్గురు గల్ఫ్‌లో ఉన్నారు. ఒకాయన దమ్మామ్‌లో డ్రైవరు. శుక్రవారం సెలవు. ఆ రోజు ఇక్కడ కూతురికి వ్యాయామం చేయించేటప్పుడు వీడియో కాల్‌లో ఉండి, కాలు సాగదీసి పట్టుకున్నంతసేపు ముప్పై దాకా ఆయనే లెక్కపెడతాడు. ఆ అమ్మాయి మిగతా రోజుల్లో మొండికేస్తుంది గానీ శుక్రవారం మాత్రం కాలు కదపదు. “అబ్బా తొందరగా లెక్కపెడతాడు, అమ్మీ మెల్లగా పెడుతుంది” అని నాకు రహస్యంగా చెప్పింది.

పిల్లలు చెప్పినవి

పిల్లలను మనం అడగం. వాళ్ల ముందే వాళ్ల గురించి తల్లితో మాట్లాడతాం. నేను అడిగినప్పుడు మొదట వచ్చిన మాట “నొప్పి”. బిగుసుకున్న కండరాన్ని సాగదీస్తే లాగినట్టు ఉంటుంది. ఆ లాగుడు వేరు, బలవంతపు నొప్పి వేరు. మంచి ఫిజియోథెరపిస్టు బిడ్డ ముఖం చూస్తూ పనిచేస్తారు. ఏడుస్తుంటే ఆగుతారు. ఒక అబ్బాయి ఇద్దరి దగ్గరికి వెళ్లాడు. ఎవరు మంచివారని అడిగితే “రెండో సార్. ఆయన నాకు సలాం చెప్తడు. ఏ కాలు ముందు చెయ్యాలని నన్నే అడుగుతడు” అన్నాడు.

ఈ మాట విన్నప్పుడు నాకు దివ్య ఖుర్ఆన్‌లోని ‘అబస’ సూరా గుర్తుకొచ్చింది. చూపులేని సహాబీ హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలన్న ఆశతో వచ్చిన సందర్భంలో అవతరించిన సూరా అది. ఆశతో వచ్చినవారి నుంచి ముఖం తిప్పుకోరాదన్నది దాని బోధ. ఆ సహాబీయే తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చేవారు. నేను ఆ తల్లి ముందు ముఖం చిట్లించలేదు, నవ్వుతూనే పంపేశాను. పంపేయడం మాత్రం పంపేయడమే.

రెండో సంగతి, పిల్లల కోరిక పెద్దల కోరిక ఒకటి కాదు. తల్లిదండ్రులందరి కోరిక నడక. పిల్లలను అడిగితే వచ్చిన జవాబులు వేరు. ఒక అమ్మాయికి తన స్కార్ఫ్ తానే కట్టుకోవాలని ఉంది. పదమూడేళ్ల అబ్బాయికి అమ్మ సాయం లేకుండా బాత్రూంకు వెళ్లాలని ఉంది. సిగ్గుతో అతను ఆ మాట ఎవరితోనూ అనలేదు. బడిలో మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేవాడు కాదు. ఈ సంగతి తెలిశాక ఫిజియోథెరపిస్టు నడక వ్యాయామాలు తగ్గించి, కుర్చీ నుంచి కమోడ్ మీదికి మారడం నేర్పారు. గోడకు రెండు ఇనుప కడ్డీలు బిగించారు. రెండు నెలల్లో ఆ అబ్బాయికి వచ్చిన ధైర్యం నేను కళ్లారా చూశాను.

ఇంకో బాబు కోరిక, ఈద్ రోజు అబ్బా పక్కన సఫ్‌లో నిలబడి సజ్దా చేయడం. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని మహాప్రవక్త (సఅసం) వెసులుబాటు ఇచ్చారు. కుర్చీలో కూర్చుని చేసినా వాడి నమాజులో లోటు లేదు. ఆ మాట వాడికి చెప్పాం. అయినా వాడికి ఇష్టం. ఫిజియోథెరపిస్టు ఆ ఇష్టాన్నే వ్యాయామంగా మలిచారు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి ఉండడం, మోకాళ్ల మీద నిలవడం, ఒక పాదం ముందుకు పెట్టి లేవడం. ఇవన్నీ ఎలాగూ చేయించవలసినవే. అంతకుముందు రోజూ ఏడ్చే పిల్లాడు “నమాజ్ వాలీ కస్రత్” అంటే తానే చాప పరిచేవాడు. ఒక జాగ్రత్త కూడా చెప్పారు: రెండు పాదాలూ తుంటికి అటూ ఇటూ పడేసి కూర్చునే అలవాటు తుంటికి, మోకాళ్లకు మంచిది కాదు, కూర్చునే తీరు తాము చూపించినట్టే ఉండాలి అని.

ఇల్లూ బడీ

వారానికి అరగంట థెరపీతో బిడ్డ మారడు. మిగతా గంటలన్నీ ఇంట్లో, బడిలో గడుస్తాయి. అందుకే మంచి ఫిజియోథెరపిస్టు తల్లికి పనుల్లోనే వ్యాయామం కలిపి చూపిస్తారు. బట్టలు తొడిగేటప్పుడు కాళ్లు ఎడంగా చేయడం, అన్నం తినిపించేటప్పుడు వీపు నిటారుగా ఉంచడం, టీవీ చూసేటప్పుడు చెక్కతో చేసిన నిలబెట్టే చట్రంలో నిలపడం. ఒక తల్లి తన చాట పక్కనే ఆ చట్రం పెట్టుకుని, తాను బీడీలు చుడుతుంటే బాబును నిలబెట్టేది. తంబాకు దుమ్ము మంచిది కాదని మేడం చెప్పాక చట్రాన్ని గుమ్మం దగ్గరికి మార్చింది. వీధిలో పిల్లలు ఆడుతుంటే చూస్తూ బాబు ఇంకా ఎక్కువసేపు నిలబడుతున్నాడని సంతోషపడింది.

బడిలో నేను నేర్చుకున్నది చిన్న సంగతి. బెంచీ మీద కూర్చున్న పిల్లాడి కాళ్లు గాలిలో వేలాడుతుంటే వాడి చేయి కుదురుగా ఉండదు. పాదాల కింద ఒక చెక్కపీట, నడుంకు అటూ ఇటూ దుప్పటి మడతలు పెట్టాం. అక్షరాలు గీత మీదికి వచ్చాయి. ఏళ్ల తరబడి నేను “రాత బాగుచేసుకో” అని చెబుతున్నది పీట లేని పిల్లలతో అని అప్పుడు అర్థమైంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఉన్న సదుపాయాలు తెలియక చాలామంది పోగొట్టుకుంటున్నారు. కొన్ని ఇక్కడ చెబుతాను.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పరీక్షలు చేస్తారు. లోపం కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కదలలేని పిల్లలకు ఇంటి వద్దే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. ధ్రువపత్రం తీసుకోవడం తప్పనిసరి. పింఛను, బస్సు రాయితీ అన్నిటికీ అదే ఆధారం. “బిడ్డ మీద ముద్ర పడుతుంది” అని వెనకాడే తల్లిదండ్రులకు ఇది వివరించాలి.

నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా సి.పి., ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీ ఖర్చులకూ అందులో వీలుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పరీక్షలు, శిక్షణ అందిస్తోంది.

దాతలకు నా మనవి

మన సమాజం ఇవ్వడంలో వెనకాడదు, అల్‌హందులిల్లాహ్. రంజాన్‌లో వీల్ చైర్లు, ట్రైసైకిళ్లు పంచుతాం. ఏడు ఇళ్లలో రెండింట్లో అలా వచ్చిన వీల్ చైర్ చూశాను. ఒకటి పెద్దవాళ్ల కొలత. ఎనిమిదేళ్ల పాప అందులో ఒక పక్కకు జారిపోతోంది. అలా కూర్చుంటే వెన్నెముక వంకర తిరుగుతుంది. ఇంకొకదాని మీద బట్టలు ఆరేస్తున్నారు. ఇచ్చినవారి మనసు మంచిదే. కొలత తీసుకోలేదు, తర్వాత ఎవరూ వచ్చి చూడలేదు.

కాబట్టి మూడు విషయాలు కోరుతున్నాను.

ఒకటి, సామగ్రి ఇచ్చేముందు ఫిజియోథెరపిస్టు చేత కొలత తీయించాలి. కాలికి వేసే ప్లాస్టిక్ స్ప్లింట్ బిడ్డ పెరిగేకొద్దీ ఇరుకవుతుంది, ఒరుసుకుని పుండు పడుతుంది. మార్చవలసి వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

రెండు, ఒక బిడ్డను తీసుకుంటే కనీసం రెండేళ్లు తీసుకోవాలి. బస్సు చార్జీ, థెరపీ ఫీజు, తల్లి పోగొట్టుకునే కూలి, ఈ మూడూ కలిపి నెల నెలా అందాలి. కొంచెమే అయినా ఎడతెగకుండా చేసే పని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని మహాప్రవక్త (సఅసం) బోధించారు. ఫిజియోథెరపీకి ఇంతకన్నా సరిపోయే సూత్రం నాకు తెలియదు.

మూడు, బిడ్డను వేదిక ఎక్కించి ఫోటో తీయవద్దు. బాత్రూంకు వెళ్లాలని చెప్పడానికే సిగ్గుపడిన పదమూడేళ్ల అబ్బాయి గురించి పైన రాశాను. పేపర్లో తన ఫోటో వస్తే వాడు బడికి వస్తాడా?

జకాత్ గురించి చాలామంది అడుగుతారు. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాలు తౌబా సూరా 60వ ఆయత్‌లో ఉన్నాయి. హనఫీ ఉలమా ప్రకారం జకాత్ సొమ్ము పేదవారి చేతికి, వారి సొంతానికి చేరాలి. కాబట్టి అర్హులైన కుటుంబానికి ఇచ్చే చార్జీలు, స్ప్లింట్లు, కుర్చీ జకాత్ నుంచి ఇవ్వవచ్చు. ఫిజియోథెరపిస్టు జీతం, గది అద్దె, అందరూ వాడే పరికరాలు సదఖా, లిల్లాహ్ నిధుల నుంచి పెట్టాలి. సందేహం ఉంటే మన ముఫ్తీ సాహెబ్‌ను అడిగి, రెండు ఖాతాలు వేరుగా ఉంచుకుందాం.

ఆ మొదటి అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. సర్వే తర్వాత వాణ్ని మా స్కూల్లోనే చేర్చుకున్నాం. భవిత కేంద్రానికి వెళ్లాడు. పదకొండేళ్లకు హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి బిగుసుకున్న కండరాలను వదులు చేశారు. తర్వాత ఏడాదిన్నర ఫిజియోథెరపీ. ఇప్పుడు ఇంట్లో వాకర్‌తో నాలుగు అడుగులు వేస్తాడు, బయట వీల్ చైర్. ఇంటర్ చదువుతున్నాడు, కామర్స్ తీసుకున్నాడు. ముందే థెరపీ దొరికి ఉంటే ఆ ఆపరేషన్ అవసరం పడేదా అని డాక్టరును అడిగాను. “చెప్పలేం గానీ, ఇంత బిగుసుకునేది కాదు” అన్నారు. వాడి తల్లిని నేను క్షమాపణ అడిగాను. “మీరు మళ్లీ వచ్చిండ్రు గదా ఆపా” అంది. అది ఆమె పెద్ద మనసు. నా తప్పు నా లెక్కలోనే ఉంది.

మీ వీధిలో, మీ బంధువుల్లో ఇలాంటి బిడ్డ ఉంటే సొసైటీ ఆఫీసులో చెప్పండి. నడక వచ్చేదాకా ఆగమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

ఈ పిల్లలకు ఆఫియత్‌ను, వారి తల్లిదండ్రులకు సబ్ర్‌ను, మనకు నిలకడగా సాయపడే తౌఫీఖ్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.